డెబ్భై మందికే ఆ కొండ!

చుట్టూ ఎడారి. మధ్యలో రాతిగుట్టలు. ఆ రాళ్లెక్కాలని ప్రపంచం నలుమూలల నుంచీ కుర్రకారు వస్తారు. ఆ రాళ్ల మీదే వందల వేల ఏళ్లనాటి బొమ్మలున్నాయి. ఎక్కనివ్వాలా... కాపాడాలా? టెక్సాస్‌లోని ఓ చిన్న పార్కు పాతికేళ్లకు పైగా ఈ రెండు పడవల మీదా కాళ్లు పెట్టి నడుస్తోంది!

జనవరి నెల. తెల్లవారింది కానీ ఎండ ఇంకా రాలేదు. వేళ్లు కొంకర్లు పోయే చలి. ఎడారి దారి చివర ఓ గేటు. దాని ముందు కార్లు బారులు తీరి ఉంటాయి. కార్లలోంచి దిగిన వాళ్ల వీపుల మీద మడతపెట్టిన పరుపులు. కొత్తగా చూసేవాళ్లకి పెళ్లివారికి పరుపులు అద్దెకిచ్చే షామియానా కొట్టువాళ్లేమో అనిపిస్తుంది! కానీ వాళ్లంతా క్లైంబర్లు. తాళ్లూ గీళ్లూ లేకుండా ఒట్టి చేతులతో రాతిగుండ్లు ఎక్కడం వాళ్ల ఆట. దాన్నే ‘బౌల్డరింగ్’ అంటారు. పట్టు తప్పితే పడటానికి కింద ఆ పరుపు.

గేటు తెరుస్తారు. వరుసలో ఉన్నవారందరినీ వదిలేయరు. నెలల ముందే ఫోన్ చేసి పేరు నమోదు చేయించుకున్నవారికి మొదటి అవకాశం. మిగిలిన కాసిన్ని చోట్ల కోసమే ఈ పొద్దుటి పడిగాపులు. ఉత్తరపు గుట్ట మీద ఒక సమయంలో డెబ్భై మందికి మించి ఉండకూడదు. డెబ్భై ఒకటో మనిషి ఎంత దూరం నుంచి వచ్చినా, ఎంత పేరున్న ఆటగాడైనా సరే... లోపల ఒకరు బయటికొస్తేనే అతను లోపలికి.

ఇదేం విడ్డూరం, కొండ ఎక్కడానికీ టికెట్ రిజర్వేషనా అనిపిస్తుంది కదూ! ఆ మాటే పాతికేళ్ల కిందట క్లైంబర్లూ అన్నారు. గట్టిగానే అన్నారు.

ఈ కథంతా జరుగుతున్న చోటు పేరు ‘వేకో ట్యాంక్స్’. స్పెల్లింగ్‌లో మొదట ‘హెచ్’ ఉంటుంది గానీ దాన్ని పలకరు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి పడమటి కొస, ఎల్ పాసో నగరానికి యాభై కిలోమీటర్ల దూరం. మెక్సికో సరిహద్దు పక్కనే. చివావా ఎడారిలో 860 ఎకరాల ప్రభుత్వ పార్కు ఇది. ఉత్తరపు గుట్ట, తూర్పు గుట్ట, పడమటి గుట్ట, తూర్పున ఇంకో చిన్న తోక గుట్ట... అంతే. ఎత్తు చూసినా మన కళ్లకి పెద్ద కొండలేం కావు. అమెరికాలో పార్కులంటే లక్షల ఎకరాలుంటాయి. వాటితో పోలిస్తే ఇది పెరడు కింద లెక్క. పేచీ అంతా అందుకే. చోటు చిన్నది, కావాలనేవాళ్లు ఎక్కువ.

దొనల్లో దాగిన ప్రాణం

‘వేకో’ అంటే స్పానిష్‌లో గుంట, బోలు అని అర్థం. మనవైపు కొండల మీద రాతిగుంటల్లో వాన నీళ్లు నిలిస్తే ‘దొన’ అంటాం చూడండీ, సరిగ్గా అదే. ఈ గుట్టల నిండా దొనలే. చెంబెడు నీళ్లు పట్టేవి కొన్ని, గదంత వెడల్పున్నవి కొన్ని. ఎల్ పాసో చుట్టుపక్కల ఏడాదికి కురిసే వాన తొమ్మిది అంగుళాల దగ్గర. మన అనంతపురంలో కురిసే దాంట్లో సగం కూడా కాదు. అలాంటి నేలమీద నాలుగు చినుకులు పడితే వాటిని దాచి పెట్టే రాయి దొరకడమంటే మాటలా! ట్యాంక్స్ అన్న పేరూ అందుకే వచ్చింది.

ఈ రాళ్లు పుట్టి దాదాపు 3.4 కోట్ల ఏళ్లయిందని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. లోపలి నుంచి శిలాద్రవం ఎగదన్నింది. నేల చీల్చుకుని బయటికి రాలేక, పైనున్న సున్నపురాయి పొర కిందే చల్లారి గట్టిపడింది. తర్వాత గాలికీ వానకీ పై పొర కరిగిపోయింది. లోపలి గట్టి రాయి గుట్టలుగా బయటపడింది. చూడ్డానికి మన గ్రానైటుకి చుట్టంలా ఉంటుంది. దాన్నే గాలీ నీరూ తొలిచి తొలిచి ఈ గుంటలు చేశాయి. నేలమీద ఉన్నవి దొనలయ్యాయి. నిలువు గోడల మీదా, చూరుల కిందా ఉన్నవి వేళ్లకు పట్టు దొరికే గూళ్లయ్యాయి. క్లైంబర్లు పడిచచ్చేది ఆ గూళ్ల కోసమే.

నీళ్లున్న చోట ప్రాణం ఉంటుంది. రాతి పగుళ్లలో ఓక్, జూనిపర్ చెట్లు కనిపిస్తాయి. నక్కలూ, అడవి పిల్లులూ, పక్షులూ దాహానికి వస్తాయి. వాటన్నిటికంటే వింత జీవి మరొకటుంది. దొనల్లో బతికే బుల్లి రొయ్య. ఫెయిరీ ష్రింప్ అంటారు. వేలి కణుపంత ఉంటుంది. వాన పడిన కొద్దిరోజులకే గుడ్లలోంచి బయటికొస్తుంది. కొన్ని వారాల్లో పెరిగి, గుడ్లు పెట్టి, నీళ్లతోపాటే ఎండిపోతుంది. గుడ్లు మాత్రం అడుగున ఎండిన మట్టిలో ఏళ్ల తరబడి కదలకుండా మళ్లీ వాన కోసం కాచుకుంటాయి. ఎండిపోయిన దొన చూస్తే మనకేం కనిపిస్తుంది? గుప్పెడు మట్టి. అందులో బూటు కాలు వేసినా, ఓసారి కూర్చుని లేచినా నలిగేది ఓ తరం రొయ్యలు! అందుకే నీళ్లున్నా లేకున్నా దొనల్లో కాలు పెట్టొద్దని పార్కువాళ్లు పదేపదే చెబుతుంటారు.

ముసుగుల కొండ

రొయ్యల్లాగే మనుషులూ నీళ్లకోసమే ఇక్కడికొచ్చారు. ఒకళ్లా ఇద్దరా... పదివేల ఏళ్లుగా వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లు ఊరికే పోలేదు. రాతిమీద బొమ్మలు వేశారు. మొదట వేటగాళ్లు జంతువుల బొమ్మలు గీశారు. తర్వాత సుమారు వెయ్యేళ్ల కిందట ఈ ప్రాంతంలో మొక్కజొన్న పండించుకున్న రైతులు వచ్చారు. చరిత్రకారులు వాళ్లని ‘హోర్నాడా మొగొయోన్’ అంటారు. గుట్టల పక్కనే నేలలో గుంతలు తవ్వి ఇళ్లు కట్టుకున్నారు. వాళ్లు వేసినవే ఇక్కడి ముసుగు ముఖాలు. రెండొందలకు పైగా ఉన్నాయి. ఉత్తర అమెరికాలో ఒకేచోట ఇన్ని ముసుగుల చిత్రాలు మరెక్కడా లేవంటారు. కొన్నిటికి టోపీలున్నాయి, కొన్నిటికి చెవిపోగులున్నాయి. ఒకదానిలా ఇంకొకటి లేదు. ఎర్రమట్టి, పసుపు మట్టి, బొగ్గు... ఇవే రంగులు.

వాటితోపాటు గుండ్రటి కళ్లున్న ఒక బొమ్మ పదేపదే కనిపిస్తుంది. దిగువన మెక్సికోలో త్లాలోక్ అని పిలిచే వాన దేవుడి పోలికలు అందులో ఉన్నాయంటారు పరిశోధకులు. తొమ్మిదంగుళాల వాన కురిసే చోట, నీళ్లు నిలిచే దొనల పక్కన వానదేవుడి బొమ్మ! రైతు ఎక్కడైనా రైతే మరి.

ఆ తర్వాత అపాచీలు, కయోవాలు, తీవాలు... ఒక్కొక్కళ్లదీ ఒక్కో కథ. 1839లో కొందరు కయోవా యోధులను మెక్సికో సైనికులు ఇక్కడి గుహలో దిగ్బంధించారు. రోజుల తరబడి తిండి లేకుండా లోపల గడిపి, ఒక రాత్రి చీకట్లో తప్పించుకుపోయారు. ఆ వృత్తాంతాన్ని కయోవాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1849 బంగారం వేటలో కాలిఫోర్నియా పోయే బళ్లు ఇక్కడ నీళ్లకి ఆగేవి. 1858లో బటర్‌ఫీల్డ్ తపాలా బళ్లకి ఇది ఒక మజిలీ అయింది. బండి ఆగిన కాసేపట్లో ప్రయాణికులు ఊరుకున్నారా? ‘ఫలానా మేము వచ్చితిమి’ అని రాళ్లమీద పేర్లు చెక్కారు! మన కోటల గోడలమీద బాణం గుచ్చిన గుండె బొమ్మలు చూసి తిట్టుకుంటాం కానీ ఈ జబ్బు ఎవరి సొత్తూ కాదు. తమాషా ఏమిటంటే, నూట డెబ్భై ఏళ్లు గడిచాక ఇప్పుడు ఆ పేర్లూ చరిత్ర కింద లెక్కే. వాటినీ చెరపకూడదు.

1898లో ఈ గుట్టల్ని సిల్వేరియో ఎస్కోంట్రియాస్ అనే రైతు కొన్నాడు. పశువుల్ని మేపుకుంటూ ఆ కుటుంబం అరవై ఏళ్లకు దగ్గరగా ఇక్కడే ఉంది. ఎల్ పాసో జనానికి ఆదివారం వస్తే ఇక్కడే వనభోజనాలు. తర్వాత చేతులు మారి, 1969లో టెక్సాస్ ప్రభుత్వానికి దక్కింది. మరుసటి ఏడాది పార్కుగా తెరిచారు. ఆ రైతు ఇల్లే ఇప్పుడు పార్కు సందర్శకుల కేంద్రం.

పరుపుల సైన్యం దిగింది

క్లైంబర్లకి ఈ చోటు రుచి తెలిసింది 1980లలో. మిగతా అమెరికాలో మంచు కురిసి రాళ్లన్నీ తడిసిపోయిన వేళ ఇక్కడ మాత్రం పొడిగా, చల్లగా ఉంటుంది. చలి ఉంటే చేతులు చెమర్చవు, పట్టు జారదు. ఇంకేం! అక్టోబరు వచ్చిందంటే చాలు, పాత వ్యాన్లలో సామాన్లు పడేసుకుని దిగిపోయేవారు. పార్కు దగ్గరే గుడారాలు, పప్పూ రొట్టెలతో కాలక్షేపం, పొద్దస్తమానం గుండ్ల మీదే ప్రాణం.

వాళ్లలో ఒకడు జాన్ షెర్మన్. స్నేహితులు పెట్టిన ముద్దుపేరు ‘వెర్మిన్’, అంటే పురుగూ పుట్రా అని! ఏ గుండుమీద ఏ దారి ఎంత కష్టమో చెప్పడానికి షెర్మనూ అతని మిత్రులూ తమలో తాము అంకెలు వేసుకునేవారు. ఈ గుట్టల మీద అతనో పుస్తకం రాస్తే, ఆ అంకెలు లేకుండా అచ్చేయనని ప్రచురణకర్త పట్టుబట్టాడు. అలా 1991లో అచ్చయినదే ‘వి స్కేల్’. ఆ ‘వి’ వెర్మిన్‌లోని వి. తేలికైనది వి0. అప్పట్లో వి9తో ఆగిన ఆ లెక్క ఇప్పుడు వి17 దాకా పోయింది. ఇవాళ ప్రపంచంలో ఎన్నో దేశాల్లో క్లైంబింగ్ జిమ్ముల గోడలమీద కనిపించే వి3, వి5 గుర్తులు పుట్టింది ఈ ఎడారి గుట్టల్లోనే!

అన్నట్టు, 2012లో న్యూయార్క్ నుంచి ఓ పదేళ్ల పిల్ల ఇక్కడికొచ్చింది. పేరు ఆషిమా షిరాయిషి. ‘క్రౌన్ ఆఫ్ ఆరగార్న్’ అనే వి13 దారిని ఎక్కి దిగింది. పెద్ద పెద్ద మొనగాళ్లకే కొరుకుడుపడని దారి అది. అమెరికా పత్రికలన్నీ ఆ పిల్ల గురించి రాశాయి. ఇలాంటి కథలు విన్న ప్రతి కుర్రాడికీ, ప్రతి అమ్మాయికీ ఒక్కసారైనా వేకో రాళ్లు ముట్టుకోవాలని ఉండదూ!

ఒకే చూరు, రెండు ప్రేమలు

గొడవ ఎక్కడ మొదలైందో అర్థం కావాలంటే అక్కడి రాతిచూరు ఒకటి ఊహించుకోవాలి. గుండు ముందుకు వంగి, కింద గదిలాంటి నీడ. వాన పడదు, ఎండ తగలదు. బొమ్మ గీయాలనుకున్న వెయ్యేళ్లనాటి మనిషికి అంతకన్నా మంచి గోడ ఏముంది? అక్కడ గీసిన బొమ్మే ఇన్నాళ్లు నిలిచింది. ఇక క్లైంబరుకి? తలకిందులుగా వేలాడుతూ పాకాల్సిన చూరంటే పండగే. బోర్లించిన గిన్నెలాంటి రాయి, వేళ్లకు గూళ్లు. అంటే... చిత్రకారుడు ఎంచుకున్న రాయీ, క్లైంబరు ఎంచుకునే రాయీ తరచూ ఒకటే! కావాలని ఎవరూ తగువు పెట్టుకోలేదు. తగువు ఆ రాతి నిర్మాణంలోనే ఉంది.

బొమ్మ మీద చెయ్యి పడితే వేళ్ల జిడ్డు రంగుకి అంటుకుంటుంది. పట్టుకోసం చేతులకు రాసుకునే మెగ్నీషియం కార్బొనేటు పొడి ముగ్గుపిండిలా రాతికి పట్టేస్తుంది. పరుపులు ఈడ్చుకుంటూ అదే చూరు కింద వందల మంది తొక్కితే మట్టి గుల్లయి కొట్టుకుపోతుంది. ఆ మట్టి మామూలు మట్టి కాదు. పాత పొయ్యిల బూడిద, కుండ పెంకులు, రాతి పనిముట్లు పొరలు పొరలుగా ఉన్న పుస్తకం. ఒక పొర చెదిరితే ఆ పేజీ చిరిగినట్టే. ఎడారి మొక్కలు ఒకసారి నలిగితే మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుంది.

అలాగని పాపమంతా క్లైంబర్లదేనా? కానే కాదు. ఇక్కడ జరిగిన అసలు ఘోరం స్ప్రే రంగుల డబ్బాలతో. పిక్నిక్కుకొచ్చి తాగి పేర్లు రాసుకున్నవాళ్లు, అల్లరి మూకలు... వెయ్యేళ్లనాటి ముసుగుమీద అడ్డంగా రాసిన ప్రియురాలి పేర్లు ఎన్నో. ఎవరో చేసినదానికి మమ్మల్ని దండించడమేమిటని క్లైంబర్లు వాదించారు. వాళ్ల వాదనలో నిజముంది. కానీ ఒక సంగతి వాళ్లూ కాదనలేకపోయారు. స్ప్రే డబ్బా పట్టుకొచ్చేవాడు ఎప్పుడో వస్తాడు. పరుపు పట్టుకొచ్చేవాడు రోజూ వస్తాడు.

మూడో పక్షం ఒకటుంది. అందరికంటే ముందునుంచీ ఉన్నదీ, అందరికంటే చివర పిలుపొచ్చినదీ. ఎల్ పాసోలోనే ఉండే ఇస్లెటా దెల్ సుర్ ప్యూబ్లోకు చెందిన తీవాలు, న్యూమెక్సికోలోని మెస్కలెరో అపాచీలు, ఓక్లహోమాలోని కయోవాలు... వీళ్లకి ఈ గుట్టలు మ్యూజియమూ కాదు, ఆటస్థలమూ కాదు. పూర్వీకులుండే పవిత్ర స్థలం. మన ఊరి గుట్టమీద గుడి గోడెక్కి ఎవరైనా ఆటలాడితే, ఎంత మర్యాదగా ఆడినా, మన ముసలివాళ్లకు మనసెలా ఉంటుందో ఆలోచిస్తే వాళ్ల బాధ తెలుస్తుంది.

1998... తాళం పడింది

ఆ ఏడాది టెక్సాస్ పార్కులూ వన్యప్రాణుల శాఖ కొత్త పద్ధతి తెచ్చింది. అప్పటిదాకా ఎవరైనా, ఎక్కడైనా, ఎప్పుడైనా తిరిగిన గుట్టలవి. ఒక్కసారిగా అన్నీ మారిపోయాయి. సొంతంగా తిరగడానికి ఉత్తరపు గుట్ట ఒక్కటే. అక్కడా పరిమిత సంఖ్యలోనే. మిగతా గుట్టల్లోకి గైడు లేనిదే అడుగు పెట్టకూడదు. చీకటి పడేలోగా అందరూ బయటికి.

అందరికంటే ముందు నెత్తిన పిడుగు పడినట్టయింది క్లైంబర్లకే. తమ మక్కా అనుకున్న చోటు! ఇక ఇక్కడ బౌల్డరింగ్ పని అయిపోయిందన్నారు. కొందరు అలిగి మళ్లీ రాలేదు. దేశంలో క్లైంబర్ల హక్కుల కోసం పనిచేసే యాక్సెస్ ఫండ్ రంగంలోకి దిగింది. పార్కు అధికారులతో చర్చలు, వాదనలు, సర్దుబాట్లు... అలా అలా నియమాలు కాస్త కుదురుకున్నాయి.

ఇప్పుడు వేకో ట్యాంక్స్‌కి వెళ్లినవాళ్లకి జరిగేది ఇదీ: ముందు ఓ పావుగంట వీడియో చూడాలి. బొమ్మలు ముట్టుకోవద్దు, దొనల్లో నడవొద్దు, కొత్త దారులు తొక్కొద్దు... అన్నీ అందులో చెబుతారు. అది చూశాకే లోపలికి. ఏడాదికోసారి చూస్తే చాలు. తర్వాత ఉత్తరపు గుట్టకైతే సొంతంగా వెళ్లొచ్చు. మిగతా గుట్టలకు గైడుతో చిన్న బృందాలుగా. బొమ్మలు చూపించే యాత్రలు వేరు, గుండ్లెక్కించే యాత్రలు వేరు. గైడుల్లో డబ్బు తీసుకునేవాళ్లున్నారు, ఉచితంగా సేవ చేసే వాలంటీర్లూ ఉన్నారు.

ఇక్కడే కథ ఓ మలుపు తిరిగింది. క్లైంబర్లే గైడులుగా మారారు! గుట్ట మూసేస్తున్నారని పోట్లాడిన జాతివాళ్లే శిక్షణ తీసుకుని, ఎవరి పరుపు ఎక్కడ పరవాలో, ఏ చూరు కిందికి పోకూడదో కొత్తవాళ్లకి చెప్పడం మొదలుపెట్టారు. ఏ రాయి మీద ఏ మూల మాసిన ముసుగు దాగుందో ఆ గైడుకి కంఠతా వచ్చు. గోడమీద నోటీసు చేయలేని పని, పక్కన నిలబడ్డ తోటి ఆటగాడి మాట చేస్తుంది.

కానీ ఎవరికి భారం?

అలాగని అంతా బాగుందని చంకలు గుద్దుకోవడానికీ లేదు. పాత రోజుల్లో ఎల్ పాసో కుటుంబం ఆదివారం పొద్దున లేచి, పిల్లల్ని కారెక్కించుకుని, పులిహోరలాంటిదేదో కట్టుకుని వెళ్లిపోయేది. ఇప్పుడు చలికాలపు ఆదివారం అలా వెళ్తే గేటు దగ్గర నిరాశే ఎదురుకావచ్చు. నెలల ముందు ప్రణాళిక వేసుకునేది ఎవరు? విమానమెక్కి దూరాన్నుంచి వచ్చే క్లైంబర్లు. యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి అలా ముందే ఫోన్ చేయాలన్న ఆలోచనే రాదు. రాయి మిగిలింది సరే, ఆ రాయి పక్కన పెరిగినవాడికి దూరమైంది. ఏ పద్ధతి పెట్టినా ఎవరో ఒకరు నష్టపోక తప్పదేమో కానీ, ఇక్కడ నష్టం పంచిన తీరు మాత్రం అంత న్యాయంగా లేదు.

లాభాలూ చెప్పుకోవాలి. రద్దీ తగ్గాక తొక్కుడు పడిన చోట్ల మొక్కలు తిరిగి తలెత్తాయి. రాతల సంగతి చూడటానికి నిపుణులు దిగారు. 2010 తర్వాతి ఏళ్లలో లేజర్ కిరణాలతో స్ప్రే రంగుల్ని తొలగించే పని చేపట్టారు. పై రంగు పోవాలి, కింది వెయ్యేళ్ల రంగు ఉండాలి. కత్తి మీద సాము! ఒక్కో రాతకీ ఎంతో ఓపికా సమయమూ ఖర్చవుతాయి. రాసినవాడికి పట్టింది మాత్రం అరనిమిషం.

మరోపక్క డిజిటల్ ఫొటోలు కొత్త వింత చూపించాయి. మామూలు కంటికి ఖాళీగా కనిపించే రాయిని ఫొటో తీసి, కంప్యూటర్లో రంగుల తేడాలు పెంచి చూస్తే మాసిపోయిన బొమ్మలు పైకి తేలతాయి. చరిత్రకారులకి ఆనందం. క్లైంబర్లకి గుండెదడ! ఎందుకంటే బొమ్మ తేలిందంటే ఆ దారి మూతపడొచ్చు. ఎన్నో ఏళ్లుగా ఎక్కుతున్న, పుస్తకాల్లో పేరున్న దారులు కూడా అలా మూతపడ్డ సందర్భాలున్నాయి. నిన్నటిదాకా చెయ్యేసిన చోట ఒక ముఖం ఉందని ఇవాళ తెలిస్తే, మనసున్న ఆటగాడెవరైనా చెయ్యి వెనక్కే తీసుకుంటాడు. అయినా బాధ బాధే. 2021లో ఈ పార్కుకు అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలం హోదా ఇచ్చింది. నియమాలు ఇకమీదట సడలుతాయనే ఆశ పెద్దగా ఎవరికీ లేదు.

ఒక్కో చోట ఒక్కో దారి

ఇదే చిక్కు మిగతా చోట్లా ఉంది. అందరూ ఒకేలా విప్పలేదు. నెవాడాలో టాహో సరస్సు ఒడ్డున కేవ్ రాక్ అని ఓ గుట్ట ఉంది. వాషో జాతివారికి పరమ పవిత్రం. అక్కడ 2003లో క్లైంబింగే మొత్తంగా నిషేధించారు. కోర్టుకెక్కితే 2007లో అప్పీలు న్యాయస్థానం కూడా నిషేధం సబబేనంది. వయోమింగ్‌లో డెవిల్స్ టవర్ దగ్గర ఇంకో పద్ధతి. జూన్ నెలలో అక్కడి స్థానిక జాతుల పూజలుంటాయి. ఆ నెలంతా దయచేసి ఎక్కొద్దని 1995 నుంచి విన్నవిస్తున్నారు. నిషేధం కాదు, మనవి మాత్రమే. మొదటి ఏడాది ఎక్కేవాళ్లు బాగా తగ్గిపోయారు. తర్వాత తర్వాత ‘మనవే కదా’ అనేవాళ్లు పెరిగారు. మర్యాద మీద నడిచే పద్ధతికి ఉన్న ఇబ్బందే అది.

కాలిఫోర్నియా ఎడారిలోని జాషువా ట్రీ పార్కులో తగువు బొమ్మల గురించి కాదు, మేకుల గురించి. తాడు తగిలించడానికి రాతికి కొట్టే మేకులు అడవి చట్టం ప్రకారం కట్టడాలా కాదా అని! కట్టడాలే అనే అర్థమొచ్చేలా 2023 నవంబరులో కేంద్ర శాఖలు ముసాయిదా తెచ్చాయి. దేశమంతా క్లైంబర్లు గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాది దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2025 జనవరిలో వచ్చిన ఎక్స్‌ప్లోర్ చట్టం అడవుల్లో క్లైంబింగునూ, నియమాలకు లోబడి ఆ మేకులనూ గుర్తించింది. నెవాడాలో రెడ్ రాక్ కాన్యన్ దగ్గరైతే అసలు సలహా వేరు. అక్కడిది ఇసుకరాయి, తడిస్తే మెత్తబడుతుంది. వాన పడ్డాక ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఆగమంటారు. ఇందులో దేవుడూ లేడు, చట్టమూ లేదు. ఎక్కితే పట్టు విరిగి నువ్వే పడతావు అన్నంత సూటి సలహా!

ఇదంతా ఎక్కడో అమెరికా గోల అనుకోనక్కర్లేదు. మన తెలంగాణలో భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్ట ఉంది కదా. అక్కడి రాతిచూరుల కింద ఆదిమానవుల చిత్రాలున్నాయి. అదే గుట్టమీద ఈమధ్య కాలంలో తాళ్లు కట్టుకుని ఎక్కే ఉత్సాహవంతులూ ఉన్నారు. బొమ్మలూ ఆటా ఒకే గుట్టమీద! కడప జిల్లా చింతకుంటలో, కర్నూలు దగ్గర కేతవరంలో కూడా రాతి చిత్రాలున్నాయి. హైదరాబాద్‌లో బండల్ని పగలగొట్టి అపార్టుమెంట్లు కడుతుంటే కాపాడండంటూ 1996లోనే ఓ సంఘం పుట్టింది. మన దగ్గర ఇంకా డెబ్భై మంది లెక్క దాకా రాలేదు. రాళ్ల మీద బొమ్మలు ఎన్నున్నాయో, ఎక్కడున్నాయో ముందు తెలియాలిగా! వేకోలో ఆ లెక్క తేలాకే, ఏ చూరు వదిలేయాలో ఏ గుండు ఎక్కనివ్వాలో చెప్పగలుగుతున్నారు.

సాయంత్రమవుతుంది. ఎడారిలో పొద్దు గబుక్కున కుంగిపోతుంది. పరుపులు మడిచి, కట్లు కట్టుకున్న వేళ్లతో క్లైంబర్లు ఒక్కొక్కరే గేటు దాటుతారు. చిట్టచివరి కారు వెళ్లిపోయాక రేంజరు గేటు మూస్తాడు. ఇక రాత్రంతా దొనల దగ్గరికి నక్కలొస్తాయి. మర్నాడు ఆఫీసు తెరిచేసరికి ఫోన్ మోగుతుంటుంది. ఫలానా తేదీకి ఉత్తరపు గుట్ట మీద రెండు చోట్లు దొరుకుతాయా అని అవతలి గొంతు అడుగుతుంటుంది.